సొర కళ్లలోకి సూటిగా

*‘జాస్’ సినిమా వచ్చి యాభై ఏళ్లు దాటాయి. అప్పుడు సొర పేరెత్తితే ఒడ్డుకు పరుగెత్తిన మనుషులే ఇప్పుడు డబ్బు కట్టి మరీ వాటి మధ్యకు దిగుతున్నారు. ఆ చూపు కొన్ని సొరలకు ప్రాణం పోసింది. ఎవరి కంటా పడని సొరల మాటేమిటి?*

మాల్దీవుల పటంలో బాగా కిందికి, భూమధ్యరేఖను దాటిన వెంటనే, చుట్టూ తోడు దీవులేవీ లేకుండా కనిపిస్తుంది ఫువాములా. దాని రేవు గోడ పక్కనే, పది మీటర్లకు అటూ ఇటూ లోతులో, అరడజను మంది డైవర్లు వరసగా మోకాళ్లమీద కూర్చున్నారు. వీపున సిలిండర్, నోట్లో రెగ్యులేటర్. చేతులు ఛాతీకి ఆనించుకున్నారు. వేళ్లు కనపడకుండా నల్ల గ్లవుజులు, తలకు నల్లటి తొడుగు. నీళ్లలో మెరిసే ఏ చిన్న తునకైనా సొర కంటికి చేపలా కనిపించవచ్చు, అందుకే ఈ జాగ్రత్త. కాస్త ముందుగా, ఒక బండ కింద ట్యూనా తలకాయలు ఇరికించి పెట్టారు.

నీలంలోంచి ముందు మొద్దుబారిన మూతి ఒకటి బయటపడింది. వెనకాలే నాలుగు మీటర్ల ఒళ్లు. టైగర్ షార్క్. పక్కలమీది చారలు వయసుతో మాసి, దగ్గరికొస్తే తప్ప తెలియనంతగా అయిపోయాయి. తోక ఒక్కసారి అటు, ఒక్కసారి ఇటు, అంతే. ఏ తొందరా లేదు. గైడ్ రెండు వేళ్లతో తన కళ్లు చూపించి, ఆ వేళ్లనే సొర వైపు తిప్పాడు. దాన్నే చూస్తూ ఉండండి అని. అది వరస ముందు నుంచి చేయి చాపితే తగిలేంత దగ్గరగా సాగింది. అయిదు మొప్ప చీలికలు ఒకదాని వెంట ఒకటి తెరుచుకుని మూసుకోవడం కనిపించింది. పొట్టకు అంటుకుని రెండు రెమోరా చేపలు. నోటి మూలన, చర్మంలోకి దిగి తుప్పు పట్టిన గాలం ముక్క. ఇలాంటి గాలాలు ఇక్కడి సొరల్లో చాలావాటికే ఉంటాయి. నల్లటి గుండ్రటి కన్ను ఒక్కో డైవర్‌నూ దాటుతూ కదిలింది. మనుషుల్ని కరిచిన జాతుల లెక్కలో గ్రేట్ వైట్ తర్వాతి స్థానం ఈ టైగర్ షార్క్‌దే. ఆ సంగతి తెలిసే అక్కడ కూర్చున్నారు అందరూ.

భయానికి తెర పెట్టిన సినిమా

పీటర్ బెంచ్లీ రాసిన ‘జాస్’ నవల 1974లో వచ్చింది. మరుసటి ఏడాది జూన్‌లో స్టీవెన్ స్పీల్‌బర్గ్ దాన్ని తెరమీదికి తెచ్చాడు. సముద్రాన్ని జన్మలో చూడనివాళ్లకు కూడా సొర అంటే వణుకు నేర్పింది ఆ సినిమా. నిజానికి అందులో ఒళ్లు గగుర్పొడిచే బోను దృశ్యం యాదృచ్ఛికంగా దొరికినది. నిజం సొరల చిత్రీకరణ కోసం దక్షిణ ఆస్ట్రేలియా సముద్రంలోకి వెళ్లిన రాన్, వేలరీ టేలర్ దంపతుల కెమెరా ముందు, ఖాళీగా ఉన్న బోను తాళ్లలో ఒక గ్రేట్ వైట్ చిక్కుకుని విడిపించుకోవడానికి కొట్టుకుంది. లోపల మనిషి లేడు. అది ఎవరిమీదా దాడి చేయలేదు, ప్రాణభయంతో పెనుగులాడింది. తెరమీద మాత్రం ప్రపంచం దాన్ని పగబట్టిన రాక్షసిగా చూసింది.

బెంచ్లీ ఆ తర్వాత మారిపోయాడు. సొరల గురించి అప్పటికి తెలియని ఎన్నో సంగతులు శాస్త్రజ్ఞులు బయటపెడుతుంటే, ఆ నవలను అలా ఇప్పుడు రాయలేనని బాహాటంగా చెప్పాడు. 2006లో చనిపోయేదాకా సొరల సంరక్షణ కోసం తిరిగాడు. వేలరీ టేలర్ కథ ఇంకా విచిత్రం. ఈటెతో చేపల్ని పొడిచే పోటీల్లో ఛాంపియన్‌గా మొదలై, ఇనుప కడియాలు అల్లిన తొడుగు వేసుకుని సొర పళ్ల కింద తన చేయి పెట్టి పరీక్షించి, చివరికి వాటి తరఫున నిలబడిన మనిషి ఆమె.

వీళ్లందరిలో నాకు మరీ గుర్తుండిపోయేది రాడ్నీ ఫాక్స్. 1963 డిసెంబరులో, అడిలైడ్ దగ్గరి ఆల్డింగా తీరంలో, చేపల పోటీలో ఉండగా గ్రేట్ వైట్ అతన్ని నడుం దగ్గర కరిచి పట్టుకుంది. పక్కటెముకలు విరిగాయి, ఊపిరితిత్తి చిల్లిపడింది, పొట్ట తెరుచుకుంది. ఒంటికి బిగుతుగా ఉన్న వెట్‌సూటే పేగుల్ని లోపల నిలిపి ఉంచింది. నాలుగు వందలకు పైగా కుట్లు పడ్డాయి. అప్పటికి అతనికి ఇరవై మూడేళ్లు. అలాంటి మనిషి కోలుకుని మళ్లీ నీళ్లలోకి దిగాడు. తనను కరిచినదాన్ని సరిగ్గా చూడాలనుకున్నాడు. జంతుప్రదర్శనశాలలో బోను చూసి, జంతువును బయట వదిలి మనిషిని లోపల పెడితే ఎలా ఉంటుందని ఆలోచించాడు. గ్రేట్ వైట్‌ను చూసే బోను డైవింగ్ అలా పుట్టింది. ‘జాస్’ బృందానికి నిజం సొరల్ని చూపించినవాళ్లలో ఫాక్స్ కూడా ఉన్నాడు. జీవితమంతా ఆ జాతిని కాపాడమనే అడుగుతూ వచ్చాడు.

> లెక్క ఎవరి పక్షాన?
>
> మనిషి రెచ్చగొట్టకుండా సొర కరిచిన ఘటనల్ని ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలోని అంతర్జాతీయ సొర దాడుల విభాగం ఏటా నమోదు చేస్తుంది. 2024లో ప్రపంచం మొత్తంమీద అవి 47. చనిపోయినవాళ్లు నలుగురు.
>
> మనుషుల చేతిలో చచ్చిపోయిన సొరలు 2019లో సుమారు 8 కోట్లు అని ‘సైన్స్’ పత్రికలో వచ్చిన అధ్యయనం అంచనా.
>
> 1970 నుంచి చూస్తే నడిసముద్రంలో తిరిగే సొరలు, టేకు చేపల సంఖ్య 71 శాతం పడిపోయింది.

సొర మనల్ని ఎలా చూస్తుంది?

సొర మూతిమీద సన్నటి చుక్కల్లా వందలాది రంధ్రాలుంటాయి. లోపల జిగురు లాంటి పదార్థం. ఎదుటి ప్రాణి కండరాలు కదిలినప్పుడు, గుండె కొట్టుకున్నప్పుడు పుట్టే అతి సన్నటి విద్యుత్తును ఆ రంధ్రాలు పసిగడతాయి. ఇసుకలో పూర్తిగా కప్పుకుని పడుకున్న చేపనైనా సొర తవ్వి తీస్తుందంటే దీనివల్లే. డైవర్ల కెమెరాలను, బోను చువ్వలను సొరలు మూతితో పొడిచి చూడటానికీ ఇదే కారణం. ఉప్పునీటిలో లోహం చుట్టూ కూడా చిన్న విద్యుత్తు పుడుతుంది. తిందామని కాదు, ఇదేమిటో తెలుసుకుందామని దాని ప్రయత్నం. చేతులు లేని జంతువు కాబట్టి మూతితోనే తడిమి చూస్తుంది.

సొరలు ఈ భూమ్మీద 40 కోట్ల ఏళ్లకు పైగా ఉన్నాయి. చెట్లకన్నా ముందే పుట్టాయి. ఒంట్లో ఎముకన్నది లేదు, అంతా మృదులాస్థి. చర్మంమీద పొలుసులకు బదులు పళ్లలాంటివే సూక్ష్మంగా పరుచుకుని ఉంటాయి. తల నుంచి తోక వైపు నిమిరితే నున్నగా, ఎదురు నిమిరితే చేయి గీసుకుపోయేలా ఉంటుంది. ఇంతకాలం నిలిచిన జాతికి బలహీనత ఒక్కటే, సంతానం. మిగతా చేపలు లక్షల్లో గుడ్లు పెడితే, చాలా సొరలు కొద్ది పిల్లల్నే కంటాయి, అదీ ఆలస్యంగా. టైగర్ షార్క్ కడుపులో పిల్లలు ఏడాదికి పైగా పెరుగుతాయి. కాన్పుకు కాన్పుకు మధ్య ఏళ్లు గడుస్తాయి. అందుకే ఒకసారి తగ్గిన సొరలు మళ్లీ కోలుకోవడానికి మనిషి ఓపిక చాలదు.

ఫువాములాలో శాస్త్రజ్ఞులు ఏడేళ్ల పాటు ఒక్కో టైగర్ షార్క్‌నూ ఒంటిమీది గుర్తులతో గుర్తుపట్టి లెక్కపెట్టారు. 200కు పైగా తేలాయి. ప్రపంచంలో ఇంతవరకూ నమోదైన అతిపెద్ద టైగర్ షార్క్‌ల గుంపు ఇదే. వాటిలో అత్యధికం ఆడవి, చాలావరకు కడుపుతో ఉన్నవి. వెచ్చటి నీళ్లు, చేతికందే తిండి ఉన్న చోట కడుపులో పిల్లల్ని పెంచుకోవడానికి వస్తున్నాయన్నమాట. దీవి ప్రజలు రేవు దగ్గర పారేసే చేపల వ్యర్థాలే వాటిని ఇక్కడికి అలవాటు చేశాయి. డైవర్లు వచ్చింది ఆ తర్వాత.

చచ్చిన సొర విలువ, బతికిన సొర విలువ

మాల్దీవుల జాలర్లు కూడా ఒకప్పుడు సొరల్ని వేటాడినవాళ్లే. రెక్కలు సూప్ కోసం తూర్పు దేశాలకు పోయేవి, కాలేయం నూనెకు పోయేది. 1990ల మొదట్లో అక్కడి పరిశోధకులు ఒక లెక్క కట్టారు. పగడపు దిబ్బమీది ఒక గ్రే రీఫ్ షార్క్‌ను పట్టి అమ్మితే జాలరికి దక్కేది 32 డాలర్లు, ఒక్కసారి. అదే సొర బతికి ఉంటే, దాన్ని చూడటానికి వచ్చే డైవర్ల వల్ల ఏటా సగటున 3,300 డాలర్లు. ఆ లెక్క చాలా దేశాల ఆలోచన మార్చింది. 2009లో పలావు తన సముద్రమంతటినీ సొరలకు అభయారణ్యంగా ప్రకటించింది. ప్రపంచంలో అలా చేసిన మొదటి దేశం అదే. 2010లో మాల్దీవులు సొరల వేటను దేశమంతటా ఆపేసింది. ఒక రీఫ్ షార్క్ తన జీవితకాలంలో పలావు పర్యాటకానికి తెచ్చేది 19 లక్షల డాలర్లని తర్వాత వచ్చిన అధ్యయనం చెప్పింది.

ఫిజీలో ఇంకో పద్ధతి. అక్కడి తీరంలో దిబ్బలమీద చేపలు పట్టే హక్కు తరతరాలుగా పల్లెలది. 2004లో షార్క్ రీఫ్ రిజర్వు పెట్టినప్పుడు ఆ హక్కు వదులుకున్న పల్లెలకు, నీళ్లలోకి దిగే ప్రతి డైవర్ నుంచీ రుసుము వసూలు చేసి ఇస్తున్నారు. బుల్ షార్క్‌లు అక్కడ మందలుగా తిరుగుతాయి. నాకు ఈ పద్ధతి మీద ఎక్కువ గురి. సొరను చూసి ఆనందించేది ఎక్కడి నుంచో వచ్చిన మనిషి, దాన్ని వదిలేయడం వల్ల నష్టపోయేది ఊళ్లో మనిషి. డబ్బు ఆ ఊరి మనిషి ఇంటికి చేరకపోతే ఎంత గొప్ప నిషేధమైనా రాత్రిపూట గాలానికి ఓడిపోతుంది.

మాల్దీవుల జాలర్లలో ఇప్పుడు అసంతృప్తి ఉంది. గాలానికి పడిన ట్యూనాను పైకి లాగేలోపే సొరలు కొరుక్కుపోతున్నాయని వాళ్ల ఫిర్యాదు. ఆ నష్టం నిజమైనది. రిసార్టుల్లో దిగిన అతిథి ఆనందం వాళ్ల పడవ నింపదు. సొరలకు తిండి పెట్టి చూపించడంమీదా తగవు ఉంది. మనిషిని చూడగానే తిండి గుర్తొచ్చే అలవాటు మంచిది కాదని ఫ్లోరిడా రాష్ట్రం 2001లోనే తన జలాల్లో దాన్ని ఆపాలని నిర్ణయించింది. తిండి లేకుండా అంత దగ్గరగా చూడలేం, అంత దగ్గరగా చూడకపోతే ఎవరూ వాటి గురించి పట్టించుకోరు అని నిర్వాహకుల వాదన. రెండు వైపులా నిజముంది. నా మటుకు నాకు, రేవులో ఎలాగూ పారేసే తలకాయల్ని కొలతగా పెట్టడం వేరు, ఫొటో కోసం సొరను కెమెరా దగ్గరకు లాగడం వేరు. రెండోది చేసే చోట డబ్బు కట్టకపోవడమే మేలు.

> నీళ్లలో ఎదురుపడితే...
>
> నిటారుగా ఉండాలి, అడ్డంగా ఈదుతూ పోకూడదు. చేతులు ఆడించకూడదు. సొర ఎటు తిరిగితే ముఖం అటు తిప్పుకోవాలి. వెనక నుంచి రావడానికి అది ఇష్టపడుతుంది, చూస్తున్నారని తెలిస్తే తగ్గుతుంది.
>
> వెన్ను చూపి పారిపోకూడదు. గుంపు విడిపోకూడదు. వీపుకు దిబ్బ ఆనుకుని ఉంటే ఇంకా మంచిది.
>
> తాకకూడదు, వెంబడించకూడదు. అది మరీ మీదికొస్తే మూతిమీద అరచేయి పెట్టి దారి మళ్లించడం గైడ్ పని, మన పని కాదు.
>
> డైవింగ్ సైగల్లో సొరకు గుర్తు: అరచేతిని నిలువుగా నుదుటిమీద, వీపు రెక్కలా నిలపడం.

డైవర్ చూపు అందని చోట

ఇదంతా విన్నాక సొరల సమస్యకు మందు దొరికినట్టే అనిపిస్తుంది. దొరకలేదు. 2025లో మాల్దీవుల ప్రభుత్వం గల్పర్ షార్క్ వేటను మళ్లీ అనుమతిస్తామని ప్రకటించింది. సంరక్షణ సంస్థలు గట్టిగా వ్యతిరేకించాయి. గల్పర్ వందల మీటర్ల లోతున, చీకట్లో తిరిగే సొర. పెద్ద పచ్చటి కళ్లు, చిన్న ఒళ్లు, నూనె నిండిన కాలేయం. 2010కి ముందే ఆ నూనె కోసం దాన్ని పట్టీ పట్టీ అడుగంటించారు. ఏ పర్యాటకుడూ దాన్ని చూడలేడు, చూడటానికి ఏ హోటల్లోనూ గది తీసుకోడు. చూసేవాళ్లు తెచ్చే డాలర్లమీద కట్టిన రక్షణ మొదట జారిపోయేది ఇలాంటి చోటే. అందమైన, పెద్దదైన, కెమెరాకు పడే సొర రక్షణ సంపాదించుకుంది. మిగతావాటికి ఏ ఆధారం?

ఆ ప్రశ్న మన తీరానికి సూటిగా తగులుతుంది. గోదావరి, కృష్ణ బురద కలిసే సముద్రంలో డైవర్‌కు తన చేయి తనకే సరిగా కనిపించదు. కాకినాడ, విశాఖ రేవుల్లో వేలానికి వచ్చే సొరల్లో ఎక్కువ భాగం చిన్నవి. వాటిలో పాలసొర మన వంటింటికి బాగా తెలుసు. బాలింతకు పాలు పడతాయని తీరం వెంబడి ఇళ్లలో వండిపెడతారు. వేడినీళ్లలో ఉడకబెట్టి, గరుకు తోలు గీరేసి, ముక్కను చేత్తో పొడిపొడిగా విడదీసి, పసుపు వేసి నీరు పిండేసి, ఉల్లి, పచ్చిమిర్చి, అల్లం వెల్లుల్లితో సన్నటి సెగమీద వేయిస్తే సొర పుట్టు. ఉడికేటప్పుడు ఘాటుగా కొట్టే వాసన సొర నెత్తుట్లో ఉండే యూరియా విరిగి పుట్టే అమ్మోనియాది. ఉప్పునీటిలో ఒళ్లు ఎండిపోకుండా ఉండటానికి సొర దాచుకునే పదార్థం యూరియా.

ఆ పాలసొర కూడా కడుపున పిల్లల్ని మోసేదే. గుడ్లు పెట్టి వదిలేయదు. బొడ్డుతాడు, మావి ఉంటాయి. దాదాపు ఏడాది మోసి, కొద్ది పిల్లల్ని, ఒక్కోసారి ఒకటి రెండింటినే కంటుంది. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం జాబితాలో ఇప్పుడు అది ముప్పులో ఉన్న జాతి. దాన్ని చూడటానికి విమానమెక్కి ఎవరూ రారు.

వేరావల్ చెప్పిన దారి

డైవర్లు లేకుండానే సొరను కాపాడిన కథ మన దేశంలోనే ఉంది. గుజరాత్‌లోని వేరావల్ తీరంలో వేల్ షార్క్‌లను ఒకప్పుడు వందల్లో పట్టేవారు. కాలేయం నూనె పడవల చెక్కకు పూసేవారు, మాంసం ఎగుమతి అయ్యేది. బస్సంత పొడవున్నా పళ్లతో ఎవరినీ కరవని, నోరు తెరుచుకుని చిన్నచిన్న జీవుల్ని వడకట్టుకు తినే సాధుజీవి అది. దాని ఒంటిమీది తెల్లచుక్కల అమరిక ఏ రెండింటికీ ఒకేలా ఉండదు. ఆకాశంలో నక్షత్రాల అమరికను పోల్చడానికి ఖగోళ శాస్త్రజ్ఞులు వాడిన పద్ధతితోనే ఇప్పుడు వాటిని గుర్తిస్తున్నారు. మైక్ పాండే 2000లో తీసిన ‘షోర్స్ ఆఫ్ సైలెన్స్’ డాక్యుమెంటరీ ఆ ఊచకోతను దేశానికి చూపించింది. 2001లో వేల్ షార్క్‌ను వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు. ఆ షెడ్యూల్లోకి ఎక్కిన మొదటి చేప అదే.

చట్టం వచ్చినంత మాత్రాన వలలు ఆగలేదు. 2004లో వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా, గుజరాత్ అటవీశాఖ, టాటా కెమికల్స్ కలిసి ఊరూరా ప్రచారం మొదలుపెట్టాయి. రామకథ చెప్పే మొరారి బాపు జాలర్లతో మాట్లాడారు. ఈ చేప పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపిల్ల అన్నారు. దానికి ‘వహాలీ’ అని ముద్దుపేరు పెట్టారు. జాలర్ల గుండెకు తగిలింది ఆ మాట. దానితోపాటు చిక్కుకున్న వేల్ షార్క్‌ను వదలడానికి కోసేసిన వలకు పరిహారం ఇచ్చారు. ఆధారంగా ఫొటో తీయడానికి కెమెరాలూ జాలర్ల చేతికే ఇచ్చారు. ఇప్పటిదాకా 900కు పైగా వేల్ షార్క్‌లను వాళ్లే తమ చేతులతో వల కోసి వదిలారు.

మన దగ్గరా అలాంటి రోజొకటి ఉంది. 2021 డిసెంబరులో అప్పటి విశాఖ జిల్లా తంతడి తీరంలో వలలో చిక్కి వచ్చిన వేల్ షార్క్‌ను అటవీశాఖ సిబ్బంది, జాలర్లు కలిసి లోతునీళ్లలోకి తోసి పంపారు. అక్కడున్నవాళ్లలో ఎవరికీ అది డాలర్లు తేదు.

> చూడాలనుకుంటే...
>
> స్కూబా నేర్చుకోవడానికి విశాఖ రుషికొండ, పుదుచ్చేరి, కర్ణాటకలోని నేత్రాణి, అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్ మనవాళ్లకు దగ్గర. ఓపెన్ వాటర్ కోర్సు చేస్తే 18 మీటర్ల దాకా, అడ్వాన్స్‌డ్ చేస్తే 30 మీటర్ల దాకా దిగవచ్చు.
>
> మొదటి పాఠం: నీళ్లలో ఎప్పుడూ ఊపిరి బిగబట్టకూడదు. పది మీటర్లు దిగేసరికే ఒంటిమీద ఒత్తిడి రెట్టింపవుతుంది. పైకి వచ్చేటప్పుడు ఊపిరితిత్తుల్లోని గాలి వ్యాకోచిస్తుంది.
>
> ఉబ్బసం, గుండె జబ్బు, చెవి సమస్యలు ఉంటే డాక్టర్ అనుమతి తప్పనిసరి. డైవ్ తర్వాత కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు.
>
> టైగర్ షార్క్‌తో మొదలుపెట్టొద్దు. అండమాన్, లక్షద్వీప్ దిబ్బల దగ్గర కనిపించే వైట్‌టిప్, గ్రే రీఫ్ సొరలు మొదటి పరిచయానికి చాలు.

సొరల్ని పట్టే దేశాల్లో మనది ముందు వరసలో ఉంది. రెక్కలు మాత్రం కోసుకుని మిగతా ఒళ్లును సముద్రంలోకి విసిరేయడాన్ని కేంద్రం 2013లో నిషేధించింది. 2015లో రెక్కల ఎగుమతినీ ఆపింది. మాంసం అమ్మకానికి ఆ అడ్డు లేదు. ఎక్కువ సొరలు వేరే చేపల కోసం వేసిన వలలోనే పడతాయి. పడ్డాక వదిలేస్తే జాలరికి ఒక పూట కూలి పోతుంది. గుజరాత్ జాలరికి కోసిన వల డబ్బు చేతికి అందినట్టే, కాకినాడ పడవ దిగే మనిషికీ అందాలి. వేల్ షార్క్‌కే కాదు, కడుపుతో ఉన్న ఏ సొరను వదిలినా అందాలి. మార్కెట్‌కు వెళ్లే మనం చేయగలిగింది చిన్నదే. చేతి పొడవు కూడా లేని సొరపిల్లల కుప్ప ముందు ఆగినప్పుడు బేరం ఆడకుండా ముందుకు వెళ్లిపోవచ్చు. వాటిని కొనేవాళ్లు తగ్గితే వేలంపాటలో ధర పడుతుంది. ధర పడితే సన్నకన్ను వల పట్టుకుని తీరానికి మరీ దగ్గరగా వెళ్లడం గిట్టుబాటు కాదు. సొరలు పిల్లల్ని కనేది ఆ తీరం దగ్గరి నీళ్లలోనే.